సంతకం పెట్టేముందు ఈ మాటలు తెలుసుకోండి

నర్సింగ్ హోమ్ కావచ్చు, ట్యుటోరియల్ కావచ్చు, చీరల షాపు కావచ్చు. ఫోను మోగితే ఎత్తి ‘చెప్పండి’ అనేది చాలాచోట్ల ఆడవాళ్లే. కానీ ఆ ఫోన్లు పెట్టించే రోజున కొటేషన్ వాళ్ల చేతికి రాదు. వచ్చినా అందులోని మాటలు చూసి ‘ఇవన్నీ మనకెందుకులే, ఆయన చూసుకుంటారు’ అని పక్కన పెట్టేస్తాం. ఆయనా చూడరు. అమ్మేవాళ్లు చెప్పినదానికి తలూపి సంతకం పెట్టేస్తారు. ఆ తరువాత లైను కలవడం లేదని తిట్లు తినేది, బిల్లు ఎందుకింత వచ్చిందో సంజాయిషీ చెప్పుకునేది మాత్రం ఫోను దగ్గర కూర్చున్న మనిషే.

నేను 1991 నుంచి 2018 దాకా విజయవాడలో ఒక ఎరువుల కంపెనీ బ్రాంచి ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా, రిసెప్షనిస్టుగా పనిచేశాను. 3 లైన్లు, 16 ఎక్స్‌టెన్షన్లు ఉన్న పెట్టెతో మొదలుపెట్టి, కంప్యూటర్ కేబుల్ మీద మాట్లాడే ఫోన్ల దాకా అన్నీ నా కళ్లముందే వచ్చాయి. అందుకే మా బంధువుల్లో ఎవరు ఆఫీసు పెట్టుకున్నా ఆ కాగితాలు నా దగ్గరికి వస్తుంటాయి. కిందటేడు తెనాలిలో మా వదిన వాళ్ల నర్సింగ్ హోమ్‌ కొటేషన్ కూడా అలాగే వచ్చింది. 20 పడకలు, 14 ఫోన్లు, రెండు పేజీల కాగితం.

“చూడమ్మా, ఇది తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. మీ అన్నయ్యేమో సంతకం పెట్టేయమంటున్నారు” అంది వదిన.

పీఆర్ఐ, సిప్ ట్రంకు, డీఐడీ, కోడెక్, జిట్టరు, వీలాన్, పీఓఈ... చూస్తే భయం వేసే మాట నిజమే. కానీ ఒక్కోటీ విప్పి చూస్తే మన ఇంటి వ్యవహారంలాగే ఉంటుంది. ఆ కాగితాన్నే దగ్గర పెట్టుకుని చూద్దాం రండి.

ట్రంకు అంటే పెట్టె కాదు

నా వయసువాళ్లకు ట్రంకు కాల్ గుర్తుండే ఉంటుంది. వేరే ఊళ్లో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే ఎక్స్ఛేంజికి చెప్పి బుక్ చేసుకుని, గంటల తరబడి ఫోను పక్కనే కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని రకాలు, రకానికో రేటు. ఇంట్లో ఫోను లేనివాళ్లు శుభలేఖ మీద పక్కింటివాళ్ల నంబరు వేసి పక్కన పి.పి. అని రాసుకునేవాళ్లు. ఆ ట్రంకే ఈ ట్రంకు. ఒక ఎక్స్ఛేంజి నుంచి ఇంకో ఎక్స్ఛేంజికి వేసిన దారిని ట్రంకు అంటారు. ఆఫీసులో పెట్టుకునే పెట్టె కూడా ఒక బుల్లి ఎక్స్ఛేంజే. అందుకే బయటినుంచి దానిలోకి వచ్చే లైనుకు ట్రంకు అనీ, అక్కడినుంచి బల్లల మీదికి వెళ్లేవాటికి ఎక్స్‌టెన్షన్లు అనీ పేరు. పెట్టె పేరు పీబీఎక్స్. అంటే ప్రైవేట్ బ్రాంచ్ ఎక్స్ఛేంజ్. దానికి ఎలక్ట్రానిక్, ఆటోమేటిక్ అనే రెండు మాటలు తగిలిస్తే మనం రోజూ వినే ఈపీఏబీఎక్స్.

పిన్నులు గుచ్చి లైన్లు కలిపే పాత బోర్డుల దగ్గర కూర్చున్నది ఎక్కువగా ఆడవాళ్లే. అమెరికాలోని బోస్టన్‌లో 1878 సెప్టెంబరు 1న చేరిన ఎమ్మా నట్‌ను మొట్టమొదటి మహిళా ఆపరేటర్ అంటారు. అంతకుముందు ఆ పనికి పెట్టుకున్న కుర్రాళ్లు ఫోను చేసినవాళ్లతో దురుసుగా మాట్లాడేవాళ్లట! ఇక మనిషి లేకుండా లైను కలిపే ఆటోమేటిక్ ఎక్స్ఛేంజికి 1891లో పేటెంటు తీసుకున్న స్ట్రోజర్ అనే ఆయన వృత్తి ఏమిటో తెలుసా? శవాలకు అంత్యక్రియలు ఏర్పాటు చేయడం. తన పోటీదారు భార్యే ఆపరేటర్‌గా ఉండి, తనకు రావలసిన ఫోన్లు మొగుడికి మళ్లించేస్తోందని అనుమానం వచ్చి ఆయన ఈ యంత్రం కనిపెట్టాడని కథగా చెబుతారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరూ నాకు ఈ కథ చెప్పి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, లైను మాత్రం కాస్త ఆలస్యంగా కలిపేదాన్ని.

ఎన్ని లైన్లు?

కొటేషన్‌లో అసలు డబ్బంతా ఇక్కడే ఉంటుంది. వదిన కాగితంలో ‘పీఆర్ఐ - 1’ అని ఉంది. ఒకటే కదా అనిపిస్తుంది. ఆ ఒక్కటిలో 30 లైన్లున్నాయి! పీఆర్ఐ అంటే ఒకే తీగ మీద సెకనుకు సుమారు 20 లక్షల బిట్లు పంపే ఏర్పాటు. దాన్ని 32 గదులుగా విభజిస్తారు. ఒక గది లెక్క తప్పకుండా తాళం వేయడానికి, ఇంకొకటి ‘ఫోను మోగించు, పెట్టేయి’ అనే సంకేతాలకు పోగా, మిగిలిన 30 గదుల్లో 30 మంది ఒకేసారి మాట్లాడుకోవచ్చు. వందమంది కూర్చునే ఆఫీసుకు అది అవసరమే. 14 ఫోన్లున్న నర్సింగ్ హోమ్‌లో, అదీ సగం ఫోన్లు వార్డు నుంచి మందుల షాపుకు మాట్లాడుకోవడానికే అయినప్పుడు, 30 మంది ఒకేసారి బయటికి ఎక్కడ మాట్లాడతారు?

మరి ఎన్ని కావాలో ఎలా తెలుస్తుంది? దీనికి చక్కటి లెక్క ఉంది. డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త 1909 నుంచి దీని మీద వ్యాసాలు రాశాడు. ఫోన్ల రద్దీని కొలిచే కొలతకు ఆయన పేరే పెట్టారు. ఒక గంటలో వచ్చిన కాల్స్ అన్నీ కలిపి 60 నిమిషాల మాటలైతే ఒక ఎర్లాంగ్.

వదినను ఒక రూళ్ల పుస్తకం తీసుకుని వారం రోజులు గీతలు గీయమన్నాను. అన్నిటికన్నా రద్దీ ఉదయం 9 నుంచి 10 దాకా, టోకెన్ల కోసం. ఆ గంటలో 20 ఫోన్లు, ఒక్కోటి సుమారు 3 నిమిషాలు. అంటే 60 నిమిషాలు. సరిగ్గా ఒక ఎర్లాంగ్.

గంటలో 60 నిమిషాలే మాటలు కాబట్టి ఒక్క లైను చాలు అనుకుంటున్నారా? జనం వరుసలో నిలబడి ఒకరి తరువాత ఒకరు ఫోను చేయరు కదా. 9 గంటలకు ముగ్గురు ఒకేసారి చేస్తారు, తరువాత అయిదు నిమిషాలు ఎవరూ చేయరు. ఎర్లాంగ్ సూత్రం ప్రకారం ఒక్క లైనే ఉంటే నూటికి 50 ఫోన్లకు ఎంగేజ్ వస్తుంది. రెండు లైన్లుంటే నూటికి 20. మూడుంటే 6 పైచిలుకు. నాలుగుంటే ఒకటిన్నర. అయిదో లైను వేస్తే మూడు వందల్లో ఒకటి. చూశారా, రెండో లైను చేసిన మేలు అయిదో లైను చేయడం లేదు. ఎంగేజ్ వచ్చినవాళ్లు ఊరుకోరు, మళ్లీ మళ్లీ నొక్కుతారు. లోపలినుంచి బయటికి చేసేవి కూడా ఇవే లైన్ల మీద వెళతాయి. అవన్నీ కలుపుకుని మేం ఆరు అనుకున్నాం. ముప్ఫై కాదు.

ఆరు విడిగా కొనుక్కోవడానికి పనికొచ్చేది సిప్ ట్రంకు. పాత ట్రంకే, రాగి తీగ బదులు ఇంటర్నెట్ కేబుల్ మీద వస్తుంది. సిప్ అనేది రెండువైపులా యంత్రాలు ‘మోగించు, ఎత్తాను, పెట్టేశాను’ అని చెప్పుకునే భాష. ఇందులో ఒకేసారి ఎంతమంది మాట్లాడాలో అన్ని చానెళ్లు అడగవచ్చు. అడిగితేనే చెబుతారు.

ఇక్కడే ఇంకో మాట, హంటింగు. వేట అనే అర్థంలోనే. బోర్డు మీద వేసిన ఒకే నంబరుకు ఫోను వస్తే, మొదటి లైను ఖాళీ లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది వెతుక్కుంటూ పోవడం. లైన్లు కొని, హంటింగు పెట్టించుకోని ఆఫీసులు నేను చాలా చూశాను. మూడు లైన్లకు మూడు నంబర్లు. జనానికి తెలిసింది మొదటిదే. అది ఎప్పుడూ ఎంగేజ్, మిగతా రెండూ దుమ్ము పట్టి ఉంటాయి. ఇవాళ మీ ఆఫీసుకు వెళ్లాక ఒక ఫోనులో మాట్లాడుతూ, సెల్లు నుంచి అదే నంబరు నొక్కి చూడండి. రెండో ఫోను మోగితే సరే. మోగకపోతే ఎంతమందికి ఎంగేజ్ వినిపిస్తోందో ఊహించుకోండి.

డీఐడీ అంటే బయటివాళ్లు ఆపరేటర్‌తో పని లేకుండా నేరుగా ఒక బల్ల మీది ఫోనుకు చేయగలిగే నంబరు. మందుల షాపుకు, ల్యాబుకు ఉంటే మంచిదే. ఐవీఆర్ సంగతి మీకు తెలుసు, ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’. పగటిపూట టోకెన్లకు పెట్టుకోండి, మొదట తెలుగులో చెప్పించండి. రాత్రి పది దాటాక నొప్పులతో ఉన్న కోడలిని పక్కన పెట్టుకుని ఫోను చేసే అత్తగారికి మనిషి గొంతు వినిపించాలి గానీ అంకెలు కాదు. ఇది నా పట్టుదల. వదిన ఒప్పుకుంది, అన్నయ్య కొంచెం సణిగారు.

మాట ముక్కలై వెళుతుంది

ఇంటర్నెట్ మీద ఫోను మాట్లాడితే గొంతు ఒక్క తీగలా సాగదు. సెకనుకు 50 ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక కవర్లో పెట్టి పంపినట్టుగా వెళుతుంది. అవతల మళ్లీ అతికిస్తారు. కోసి అతికించే పద్ధతి పేరే కోడెక్. జి.711 అనేది పాతది, గొంతు స్పష్టంగా ఉంటుంది. సెకనుకు 8,000 సార్లు గొంతును కొలిచి ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తుంది, మొత్తం 64 కిలోబిట్లు. కవర్ల బరువు కూడా కలిస్తే 80 నుంచి 90. జి.729 అయితే గొంతును నొక్కి 8 కిలోబిట్లకు తెస్తుంది, కవర్లతో సుమారు 30.

అంటే ఆరుగురు ఒకేసారి మాట్లాడినా 540 కిలోబిట్లు దాటదు. ఫోన్ల కోసమే పెద్ద ప్లాను కావాలని ఎవరైనా అంటే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి. ఫోనుకు కావలసింది వెడల్పాటి రోడ్డు కాదు, ఆగకుండా పోయే రోడ్డు.

ఆ ఆగడాలకే లేటెన్సీ, జిట్టరు అని పేర్లు. మన మాట అవతలి చెవికి చేరడానికి పట్టే సమయం లేటెన్సీ. అది 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు. అంతకుమించి బాగా పెరిగితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ‘ఆఁ, మీరు చెప్పండి’ ‘లేదండీ, మీరే చెప్పండి’ అనుకోవడం మొదలవుతుంది. జిట్టరు వేరు. విజయవాడలో పది నిమిషాలకొక బస్సు బయలుదేరుతుంది గానీ తెనాలికి అరగంట ఏదీ రాదు, తరువాత మూడూ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడతాయి చూడండి, అదీ జిట్టరు. గొంతు ముక్కలు అలా వస్తే మాటలు మింగినట్టు వినిపిస్తాయి. ‘రెండు మాత్రలు’ అన్నది ‘...మాత్రలు’ అని వినిపిస్తే నర్సు ఏం చేయాలి?

చాలాచోట్ల దీనికి కారణం బయటి లైను కాదు, మన ఇంట్లోనే ఉంటుంది. నర్సింగ్ హోమ్‌లో సీసీ కెమెరాలు, స్కానింగు బొమ్మలు పంపే కంప్యూటర్లు, వెయిటింగు హాల్లో వైఫై, ఫోన్లు అన్నీ ఒకే కేబుల్ మీద పడితే ఇలాగే అవుతుంది. వీలాన్ అంటే ఒకే కేబుల్ వ్యవస్థలో గోడ కట్టినట్టు ఫోన్లకు ఒక వాటా, కెమెరాలకు ఒక వాటా వేరు చేయడం. క్యూఓఎస్ అంటే రద్దీలో అంబులెన్సుకు దారి ఇచ్చినట్టు గొంతు ముక్కలను ముందు పోనివ్వడం. ఈ రెండూ చేయగల స్విచ్ అయితే కొత్త సామాను కొనక్కర్లేదు, పెట్టేవాళ్లు కూర్చుని అమర్చాలి. సామాను డబ్బు తీసుకుని ఈ అమరిక చేయకుండా వెళ్లిపోవడం మామూలే. అందుకని ‘వీలాన్, క్యూఓఎస్ అమర్చి చూపించాలి’ అని ఆర్డరులోనే రాయించండి.

కరెంటు పోతే?

ఈ ప్రశ్న వదినే అడిగింది, నేను కాదు. పాత ల్యాండ్‌లైనుకు కరెంటు మన ఇంటినుంచి వచ్చేది కాదు. ఎక్స్ఛేంజిలో ఉన్న 48 వోల్టుల బ్యాటరీల నుంచి ఆ రాగి తీగ మీదే వచ్చేది. అందుకే తుఫానులో ఊరంతా చీకటైనా, తీగ తెగనంతవరకూ ఫోను పలికేది. ఇప్పుడు అలా కాదు. ఫైబర్ చివర ఉండే చిన్న పెట్టె, స్విచ్, బల్ల మీది ఫోను, అన్నీ మన కరెంటు మీదే బతుకుతాయి. ఏది ఆగినా ఫోను లేదు.

పీఓఈ అనే మాట ఇక్కడ ఉపయోగం. కంప్యూటర్ కేబుల్ లోంచే ఫోనుకు కరెంటు కూడా పంపే ఏర్పాటు. 14 ఫోన్లకు 14 ప్లగ్గులు అక్కర్లేదు. స్విచ్‌కూ, ఫైబర్ పెట్టెకూ, పీబీఎక్స్‌కూ కలిపి ఒక్క యూపీఎస్ పెడితే కరెంటు పోయినా అన్ని ఫోన్లూ పనిచేస్తాయి. కేబుల్ మాత్రం స్విచ్ నుంచి 100 మీటర్లు దాటకూడదు. వదిన కాగితంలో పీఓఈ స్విచ్ ఉంది గానీ యూపీఎస్ అన్న మాటే లేదు! అడిగితే ‘అది మీరు కొనుక్కుంటారనుకున్నాం మేడమ్’ అన్నాడు వచ్చిన కుర్రాడు. జనరేటర్ ఉందిగా అన్నారు అన్నయ్య. జనరేటర్ అందుకునేదాకా ఆ కాసేపట్లో మాట్లాడుతున్న ఫోను తెగిపోతుంది, పరికరాలు మళ్లీ లేచి నిలబడటానికి ఇంకొన్ని నిమిషాలు. యూపీఎస్ రాయించాం. లైను అసలే పోతే ఫోన్లు డ్యూటీ నర్సు సెల్లుకు మళ్లేలా ఫార్వర్డింగు కూడా పెట్టించాం.

ముందు సున్నా నొక్కాలా?

2013 డిసెంబరులో అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని మార్షల్ పట్టణంలో ఒక హోటల్ గదిలో కారీ హంట్ అనే ఆమె మీద, విడిగా ఉంటున్న భర్త దాడి చేశాడు. ఆమె తొమ్మిదేళ్ల కూతురు గదిలోని ఫోను తీసి, తనకు నేర్పినట్టే 911 నొక్కింది. కలవలేదు. మళ్లీ నొక్కింది. మొత్తం నాలుగుసార్లు. ఆ హోటల్లో బయటి లైను కావాలంటే ముందు ఇంకో 9 నొక్కాలి. ఆ సంగతి పిల్లకు ఎలా తెలుస్తుంది? తల్లి చనిపోయింది. ఆ తరువాత ఆమె తండ్రి పట్టుబట్టి పోరాడితే 2018లో చట్టం వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తరువాత అక్కడ పెట్టే ఇలాంటి ఫోను వ్యవస్థల్లో ముందు ఏ అంకే నొక్కకుండా 911 కలవాలి, అదే సమయంలో ముందు గదిలో ఉన్న సిబ్బందికి కూడా తెలియాలి. దాన్ని కారీస్ లా అంటారు.

మన ఆఫీసుల్లో ఆ 9 బదులు సున్నా. 108 మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది, 112 కూడా ఉంది. మీ బల్ల మీది ఫోనులో సున్నా లేకుండా 108 నొక్కితే ఏమవుతుంది? కొన్ని పెట్టెల్లో 108 అనేది లోపలి గది నంబరు! ఆసుపత్రిలోనే కాదు, అమ్మాయిల హాస్టల్లో, లాడ్జిలో కూడా ఇది కనుక్కోవాలి. సున్నా ఉన్నా లేకపోయినా 108, 112 బయటికి వెళ్లేలా పెట్టమంటే పెడతారు, దానికి వేరే డబ్బు అడిగితే ఇవ్వకండి. ఇంకో చిక్కు, 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి సెల్లుకు చేయాలంటే ముందు సున్నా తప్పనిసరి. అంటే ఆఫీసు ఫోనులో రెండు సున్నాలు. కొత్తగా చేరిన అమ్మాయిలు ఒక సున్నాతో నొక్కి, కలవక, ఫోను పాడైందనుకుంటారు. బల్ల మీద ఒక చీటీ అంటించండి.

నంబరు ఎవరిది?

గుంటూరులో నాకు తెలిసిన ఒకావిడ బ్లౌజులు, మగ్గం పని చేయించే బొటిక్ నడుపుతుంది. పన్నెండుమంది పనివాళ్లు. ఒక చిన్న కంపెనీ ద్వారా క్లౌడ్ నంబరు తీసుకుంది. ఈ పద్ధతిలో ఆఫీసులో పెట్టె ఉండదు, పీబీఎక్స్ పనంతా వాళ్ల కంప్యూటర్లలో జరుగుతుంది, ఫోన్లు మన సెల్లుల్లో మోగుతాయి. పెట్టుబడి లేదు, సౌకర్యమే. ఆరేళ్లు అదే నంబరు సంచుల మీద, కార్డుల మీద, బోర్డు మీద వేయించింది. కిందటి దసరా ముందు బిల్లు దగ్గర మాటా మాటా వచ్చి, వాళ్లు సర్వీసు ఆపేశారు. నంబరు ఇమ్మంటే, అది కంపెనీ పేరున ఉంది, మీకు అద్దెకిచ్చాం అన్నారు. కాగితాలు చూస్తే నిజంగా అలాగే ఉంది. పండగ సీజనంతా పాత ఖాతాదారులు ఆ నంబరుకు చేసి, పలకకపోతే ఇంకో షాపుకు వెళ్లారు.

సెల్లు నంబరైతే 2011 జనవరి 20 నుంచి దేశమంతటా కంపెనీ మారినా మనతోనే వస్తుంది. ల్యాండ్‌లైను, క్లౌడ్ నంబర్లకూ అలాగే వస్తుందని అనుకోవద్దు. దరఖాస్తు ఫారం ఎవరి పేరున నింపుతున్నారో చూడండి. మానుకుంటే నంబరు ఏమవుతుందో రాతలో ఇమ్మనండి. నోటిమాట పనికిరాదు.

పీబీఎక్స్ పాస్‌వర్డు కూడా అంతే. చాలా పెట్టెలు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 1234, 0000 లాంటి వాటితోనే ఏళ్లతరబడి ఉంటాయి. దొంగలకు అవి తెలుసు. ఇంటర్నెట్‌కు కలిపిన పెట్టెలోకి అర్ధరాత్రి దూరి, మన లైన్ల మీద విదేశాలకు గంటలకొద్దీ ఫోన్లు చేస్తారు. బిల్లు మన పేరుతో వస్తుంది. అవసరం లేకపోతే ఐఎస్‌డీ మొత్తం ఆపించేయండి. పాస్‌వర్డు మార్పించి, పెట్టిన కంపెనీతోపాటు మీ దగ్గరా ఒకటి ఉంచుకోండి. గుంటూరు ఆవిడ ఈసారి కొత్త నంబరు తన పేరున తీసుకుని, పాస్‌వర్డును కాగితం మీద రాసి, ఎల్ఐసీ బాండ్లున్న ఫైల్లో పెట్టుకుంది.